మిద్దె మీద క్లాసు

2020 ఏప్రిల్ 20, సోమవారం

ఇవాళ్టి నుంచి టైంటేబుల్ ప్రకారం ఆన్‌లైన్ క్లాసులు. పొద్దున్నే గ్రూపులో పెట్టారు. తొమ్మిదిన్నరకు ఫిజిక్స్, పదకొండుకు మ్యాథ్స్, మధ్యాహ్నం రెండింటికి కెమిస్ట్రీ. చూడగానే ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లూ ఏ వారమో, ఏ తేదీనో పట్టింపు లేకుండా గడిచింది. ఫలానా టైముకి ఫలానా పని అంటూ ఒకటుంటే మనసు ఒకచోట నిలుస్తుంది.

మార్చి 19 నుంచి కాలేజీలకు సెలవులు, 31 దాకా అన్నారు. రెండు జతల బట్టలూ థర్మోడైనమిక్స్ నోట్సూ సంచీలో పెట్టుకుని గుంటూరులో బస్సెక్కాను. మిగతా పుస్తకాలన్నీ హాస్టల్లో ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. ఉగాది నాటికి దేశమంతా లాక్‌డౌన్. ముందు 21 రోజులన్నారు, ఇప్పుడు మే 3 దాకా అంటున్నారు. మార్కాపురం నుంచి మా ఊరికే బస్సు లేదు, ఇంక గుంటూరు దాకా ఎవరు పోతారు?

ఇంట్లో ఉన్న టచ్ ఫోను ఒక్కటే. తమ్ముడిదీ నాదీ అదే. వాడు పదో తరగతి. వాడికి టీవీలో సప్తగిరి ఛానెల్లో పాఠాలు వస్తున్నాయి కాబట్టి పగలంతా ఫోను నాకు, రాత్రి వాడికి. అమ్మ తీర్పు ఇది.

క్లాసు జూమ్‌లో. సార్ వాళ్ల ఇంటి గోడకి చిన్న బోర్డు తగిలించుకున్నారు. ఫోను దేనికో ఆనించినట్టున్నారు, మధ్యలో రెండుసార్లు జారి పైకప్పు ఫ్యాను కనబడింది. ఎంట్రోపీ మొదలుపెట్టారు. ప్రతి రెండు నిమిషాలకీ “వినబడుతోందా అమ్మా?” అని అడుగుతూనే ఉన్నారు. అందరి మైకులూ ఆఫ్. నలభై నిమిషాలు కాగానే జూమ్ దానంతటదే ఆగిపోయింది. ఉచితంగా వాడుకుంటే అంతవరకే ఇస్తారట. ఇంకో లింకు పంపారు. మళ్లీ చేరేసరికి మాలో సగం మంది లేరు.

ఏప్రిల్ 27, సోమవారం

ఇంట్లో సిగ్నల్ లేదు. గుమ్మంలో ఒక గీత వస్తుంది. మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే పాఠం ఆగకుండా వస్తుంది. ఊరికి పడమర అంతా నల్లమల కొండలే. టవర్ ఉన్నది రోడ్డు వైపు.

తొమ్మిదిన్నర క్లాసుకి ట్యాంకు నీడ సరిపోతుంది. పదకొండు దాటితే నీడ కాళ్ల కిందికి వచ్చేస్తుంది. ఈ ఎండల్లో మిద్దె మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. నాన్న రెండు వెదురు కర్రలు కట్టి, వాటి మీద పాత గోనె పట్టాలు పరిచి చిన్న పందిరి వేశాడు. నులక మంచం పైకి చేర్చాం. ఫోను వేడెక్కి తనంతట తనే ఆఫ్ అయిపోతోంది. అందుకని తడిగుడ్డ పిండి మంచం కోడుకి చుట్టి, ఫోనుని దానికి దగ్గరగా ఆనిస్తున్నాను. ఇప్పుడు మ్యాథ్స్ క్లాసు చివరిదాకా నిలుస్తోంది.

జియోలో 555 రూపాయల ప్లాను వేయించాడు నాన్న. 84 రోజులకి, రోజుకి ఒకటిన్నర జీబీ. రెండు వీడియో క్లాసులయ్యేసరికి అది అయిపోవస్తుంది. మూడోదానికి వీడియో ఆపేసి మాట మాత్రం వింటాను. కెమిస్ట్రీ మేడం బోర్డు మీద రియాక్షన్ రాస్తూ “ఇదిగో, ఇక్కడ చూడండి” అంటారు. నేను చెవులతో చూడాలి. రాత్రి పన్నెండు దాటితే కొత్త రోజు డేటా వస్తుంది కాబట్టి అప్పుడు లేచి ఐఐటీ వాళ్ల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటున్నాను. అవి ఇంగ్లిషులో ఉన్నా ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినొచ్చు. అది మాత్రం క్లాసురూములో దొరకని సుఖం. ఒప్పుకోవాల్సిందే.

మే 11, సోమవారం

ఇవాళ అవ్వ మాట గుచ్చుకుంది. “పొద్దస్తమానం ఆ ఫోనేందే? మీ అమ్మ ఒక్కతే చస్తా ఉంది.”

పక్కింటి పెద్దమ్మ కూడా అక్కడే ఉంది. “మా వాడూ అంతేలేమ్మా, అడిగితే క్లాసంటాడు” అంది. అప్పుడు నేను తలొంచుకుని రాసుకుంటూ కూర్చోలేదు. చెవిలో ఇయర్‌ఫోన్లు, కళ్లు తెర మీద. చూసేవాళ్లకి అది సినిమా అయినా పాఠమైనా ఒకటే.

దీని గురించే చాలాసేపు ఆలోచించాను. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చుంటే, “అది చదువుకుంటోంది, కదిలించొద్దు” అనేది ఇదే అవ్వ. పుస్తకాన్ని చూస్తే ఆమెకి గౌరవం. ఆమె చదువుకోలేదు కాబట్టి ఆ గౌరవం ఇంకా ఎక్కువ. ఫోనులోకి చదువు వచ్చాక అది ఎవరికీ కనబడకుండా పోయింది. కాలేజీలో బెంచీ, బోర్డు, గంట, పక్కన రాసుకునే వాళ్లు, అన్నీ కలిసి నువ్వు చేస్తున్నది ఒక పని అని నీకూ నలుగురికీ చెబుతుంటాయి. ఇంట్లో అవేవీ లేవు. అందుకే “కాస్త స్టవ్ కట్టెయ్యవే”, “కాస్త కూరగాయల బండి ఆపవే” అని పిలుస్తారు. అన్నీ చిన్న పనులే. చేసి వచ్చేసరికి డెరివేషన్ అవతలి గట్టుకి చేరి ఉంటుంది. అదే టైములో తమ్ముణ్ని ఎవరూ లేపరు. వాడు టీవీ ముందు కూర్చుంటాడు, మాస్టారు తెర మీద అందరికీ కనబడతాడు. వాడు మగపిల్లాడన్నది కూడా ఉంది. ఇక్కడైనా అది రాసుకోవాలి.

రాత్రి అమ్మతో చెప్పాను. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా నన్ను పిలవొద్దు, పొద్దున ఐదింటికి లేచి చిమ్మడం, నీళ్లు, గిన్నెలు నేను చేస్తాను, సాయంత్రం వంట నాది. అమ్మ ఒకటే అడిగింది: “మధ్యాహ్నం క్లాసో మరి?” అది వింటూ చేసే పనులు చేస్తానన్నాను. సరేనంది.

మే 14, గురువారం

నాన్న పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మార్కాపురం పలకలంటే ఒకప్పుడు ఎక్కడెక్కడి బడులకో పోయేవి. నోటుపుస్తకాలొచ్చాక అడిగేవాళ్లు తగ్గారు. ఇప్పుడు బడులే మూతపడ్డాయి. బడి లేనిదే పలకెవరు కొంటారు? లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి నాన్నకి పని లేదు. అయినా నా ఫోనుకి 555 ఎక్కడి నుంచి తెచ్చాడో అడిగే ధైర్యం నాకు లేదు.

అటకమీద నాన్న ఎప్పుడో తెచ్చిన పెద్ద పలకలు రెండున్నాయి, చెక్క చట్రం కూడా వేయనివి. ఊళ్లో కొట్లో నోటుపుస్తకాలు అయిపోయాయి. బలపాలు మాత్రం ఉన్నాయి. పలక దించి కడిగి, దాని మీద డెరివేషన్లు చేయడం మొదలుపెట్టాను. మ్యాక్స్‌వెల్ సంబంధాలు నాలుగూ ఒక్క పలక మీద పడతాయి. చూడకుండా రాయడం, తుడవడం, మళ్లీ రాయడం. బాగా వచ్చాక కాగితం మీద ఎక్కిస్తున్నాను. కాగితం మిగులుతోంది, పైగా తప్పు పోతే తుడిచేయొచ్చు కదా అని చెయ్యి ధైర్యంగా నడుస్తోంది.

ఇంకోటి కూడా జరిగింది. నేను ఒళ్లో పలక పెట్టుకుని బలపంతో రాస్తుంటే అవ్వ మెట్ల మీద ఆగి చూసి, ఏమీ అనకుండా దిగిపోయింది. కాసేపటికి మజ్జిగ చెంబు పంపింది.

జూన్ 21, ఆదివారం

నిన్న పదో తరగతి పరీక్షలు రద్దు చేశారు. తమ్ముడు ఊరంతా తిరిగి చెప్పొచ్చాడు. నాన్న మాత్రం “మరి మార్కులెట్టా ఏస్తారు?” అని రెండు సార్లు అడిగాడు.

ఇవాళ సూర్యగ్రహణం. ఉత్తరాన రాజస్థాన్, హర్యానా వైపు ఉంగరంలా కనబడుతుంది, మనకి పాక్షికం. ఫిజిక్స్ సార్ గ్రూపులో నిన్ననే రాశారు: “సూర్యుడి వైపు చూడొద్దు. చెట్టు కింద నేలని చూడండి. ఏం కనబడిందో, ఎందుకో రాసి పంపండి.”

అవ్వ పొద్దున్నే ఊరగాయ జాడీల మీద, నీళ్ల బిందెల మీద గరిక వేసింది. పట్టు మొదలు కాకముందే అందరికీ అన్నం పెట్టేసింది. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది, నిలిచింది. నేను పెరట్లో వేపచెట్టు కిందికి వెళ్లాను. పదిన్నర దాటి కాసేపయ్యాక నేల మీద వెలుగు చుక్కలు మారడం మొదలైంది. మామూలుగా గుండ్రంగా ఉండేవి ఒక పక్క కొరికినట్టయ్యాయి. ఇంకాస్త సేపటికి నేల నిండా నెలవంకలు. వందలు. గాలి వీస్తే అన్నీ ఒకేసారి ఊగుతున్నాయి, అన్నిటి కొమ్ములూ ఒకే వైపు.

అవ్వని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. “బయటికి రాకూడదే” అంటూనే వచ్చింది. తలెత్తకుండా నేలనే చూడమన్నాను. చీర చెంగు చాచింది, చెంగు మీద కూడా నెలవంకలు పడ్డాయి. ఆకుల సందులో ఒక్కో చిన్న చిల్లూ ఒక్కో సూర్యుడి బొమ్మని కిందికి పంపుతుందని, సందు ఏ ఆకారంలో ఉన్నా చుక్క గుండ్రంగా ఉండేది అందుకేనని, రోజూ నువ్వు చూసే వెలుగు చుక్కలన్నీ సూర్యుళ్లేనని చెప్పాను. “రోజూనా?” అంది. రోజూ అన్నాను. గ్రహణం విడిచేదాకా అక్కడే కూర్చుంది. నెలవంకలు మెల్లగా నిండుతుంటే పక్కింటి పెద్దమ్మని గోడ మీంచి పిలిచి, నేను చెప్పిందంతా తన మాటల్లో చెప్పింది. ఒక్క ముక్క పోలేదు.

క్లాసురూములో ఉంటే సార్ బోర్డు మీద సూదిబెజ్జం కెమెరా గీసి వదిలేసేవారేమో. ఇంత పెరడూ వేపచెట్టూ అవ్వా అక్కడ లేవు.

జులై 1, బుధవారం

మొన్న రాత్రి కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. ఊళ్లో అందరూ టిక్‌టాక్ గురించి మాట్లాడుకుంటున్నారు. మా గ్రూపులో గోల క్యామ్‌స్కానర్ గురించి. ఇన్నాళ్లూ అసైన్‌మెంట్లు ఫోటో తీసి పీడీఎఫ్ చేసి పంపింది దాంతోనే. సాయంత్రంలోగా మ్యాథ్స్ అసైన్‌మెంట్ పంపాలి. సీనియర్ అక్క ఒకామె గూగుల్ డ్రైవ్‌లోనే స్కాన్ ఉందని చెప్పింది. పని జరిగింది.

జులై 19, ఆదివారం

ల్యాబ్ సంగతి తలుచుకుంటేనే దిగులు. లీ పద్ధతిలో అధమ వాహకానికి ఉష్ణ వాహకత కట్టే ప్రయోగం మార్చి చివరి వారంలో నా బ్యాచ్‌కి రావాల్సింది. సార్ వర్చువల్ ల్యాబ్స్ లింకు పంపారు. అందులో ఆవిరి పెట్టె, ఇత్తడి బిళ్ల, మధ్యలో అట్ట ముక్క, అన్నీ బొమ్మల్లో ఉన్నాయి. మీట జరిపితే ఉష్ణోగ్రతలు మారతాయి. బొమ్మ చక్కగా ఉంది, ఏ భాగం ఎక్కడుంటుందో తెలిసింది. అయితే అక్కడ రబ్బరు గొట్టం ఊడిపోదు. థర్మామీటర్లు రెండూ స్థిరపడేదాకా కాచుకుని కూర్చోవక్కర్లేదు. అసలు ప్రయోగంలో ఎక్కువ భాగం ఆ కాచుకోవడమే. ఆవిరి పంపుతూనే ఉంటాం, పాదరసం మెల్లగా ఎక్కుతుంది, ఇక ఆగింది అనుకుంటే మళ్లీ కదులుతుంది. ఆగిందని చెప్పాల్సింది మనమే. తొందరపడితే లెక్క చెడుతుంది. ఇద్దరు ముగ్గురం కలిసి కళ్లు దగ్గరపెట్టి చూసి “ఆగింది కదా?” అని ఒకరినొకరం అడిగి రాసుకుంటాం. కొలవడమంటే ఏమిటో నాకు తెలిసింది అలాగే, మొదటి సంవత్సరం ల్యాబుల్లో. తెర మీద అంకె దానంతటదే వచ్చి నిలబడుతుంది. ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు అన్న ప్రశ్నే రాదు. బీఎస్సీ పట్టా చేతికొచ్చేసరికి ఆ ప్రశ్న మాకు రాకుండా పోతుందేమోనని నా భయం.

ఆగస్టు 10, సోమవారం

నాలుగో సెమ్ పరీక్షల సంగతి తేలకుండానే ఐదో సెమ్ పాఠాలు మొదలయ్యాయి. క్లాసులిప్పుడు గూగుల్ మీట్‌లో. విద్యుత్తు, అయస్కాంతత్వం. సార్ గాస్ నియమం చెబుతూ మధ్యలో ఆగిపోయారు. నెట్ పోయిందనుకున్నాం. కాదు. “అమ్మా, ఎవరైనా ఉన్నారా? నాకు మీ పేర్ల మొదటి అక్షరాలు తప్ప ఏమీ కనబడట్లేదు” అన్నారు. గొంతు మామూలుగా లేదు.

క్లాసులో ఆయన పాఠం చెప్పే తీరు వేరు. బోర్డు మీద ఒక మెట్టు రాసి వెనక్కి తిరిగి ముఖాలు చూస్తారు. ఎవరి నుదురు ముడిపడిందో పట్టుకుని ఒక మెట్టు వెనక్కి వస్తారు. మా ముఖాలే ఆయనకి సగం పాఠం. ఇప్పుడు ఆయన ఎవరి ముఖం చూడాలి? ప్రైవేటు కాలేజీల లెక్చరర్లకి జీతాలు సరిగా రావట్లేదని, కొందరు వేరే పనులు చేసుకుంటున్నారని పేపర్లో చదువుతున్నాం. ఆయన ఇంట్లో ఏముందో మాకు తెలీదు. అయినా ఒక్క రోజు మానలేదు.

కెమెరా పెడితే నాకు డేటా చాలదు. మైకు ఆన్ చేసి “ఉన్నాం సార్. ఫ్లక్స్ దాకా అర్థమైంది, గోళం లోపల ఎందుకు సున్నానో అక్కడ పట్టు దొరకలేదు” అన్నాను. సార్ గొంతు వెంటనే లేచింది. గోళం మళ్లీ గీశారు. రెండో మెట్టు దగ్గర ఇంకెవరో “వచ్చింది సార్” అన్నారు. చివరికి నలుగురైదుగురం పలికాం. సాయంత్రం గ్రూపులో రాశాను: రోజూ ఇద్దరు చొప్పున మైకు ఆన్‌లో ఉంచి ప్రతి మెట్టుకీ వచ్చిందో రాలేదో చెబుదాం, రోల్ నంబర్ల వరసలో. ఒప్పుకున్నారు.

ఆగస్టు 23, ఆదివారం

నిన్న వినాయక చవితి, ఇంట్లోనే పత్రి పూజ. రాత్రి వాన పడి తెల్లారికి చల్లబడింది. ఎన్నాళ్లుగానో ఈ చల్లదనం కోసమే చూస్తున్నాను. ఎందుకంటే వేడి ద్రవం చల్లారే తీరు కొలవాలి. మే నెలలో గదే నలభై డిగ్రీలుంటే నీళ్లు ఎక్కడికి చల్లారతాయి?

కరోనా భయంతో నాన్న కొన్న జ్వరం థర్మామీటర్ ఉంది, డిజిటల్‌ది. పాదరసంది పనికిరాదు. దాని గొంతు దగ్గర సన్నటి నొక్కు ఉంటుంది, ఎక్కిన పాదరసం విదిలిస్తే తప్ప దిగదు. డిజిటల్‌ది కూడా ఎక్కువ అంకెనే పట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి ప్రతిసారీ ఆఫ్ చేసి ఆన్ చేయాలి. నలభై రెండు దాటి కాస్త ఎక్కువైతే అంకె బదులు ‘హెచ్’ అని చూపిస్తుంది. అంటే నాకు దొరికేది నలభై రెండు నుంచి ముప్ఫయ్యారు దాకా ఉన్న చిన్న సందు. అది చాలు.

ఒకే స్టీలు గ్లాసు. ఒకసారి నీళ్లు, ఒకసారి అంతే మట్టానికి దీపాల ఆముదం. వేడి చేసి ‘హెచ్’ పోయేదాకా చెంచాతో కలుపుతూ ఉన్నాను. తమ్ముడు గోడ గడియారం ఒళ్లో పెట్టుకుని టైం చెప్పాడు, అమ్మ అంకెలు పలక మీద వేసింది. ఆముదం నీళ్ల కంటే చాలా ముందే ముప్ఫయ్యారుకి దిగింది. గ్రాఫు గీస్తే దాని గీత నిటారుగా జారింది. రెండు ద్రవాల బరువులు కొట్లో త్రాసుతో తూయించాను. గ్లాసు పట్టుకునే వేడి వదిలేసి లెక్క కడితే ఆముదం విశిష్టోష్ణం నీటిలో సగానికి కొంచెం అటూ ఇటూగా వచ్చింది. ల్యాబులో ఇంతకంటే మంచి విలువ వస్తుంది. ఈ విలువ మాత్రం నేను దేన్ని నమ్మానో, దేన్ని వదిలేశానో తెలిసి వచ్చిన విలువ.

సార్‌కి పంపాను. “గ్లాసు వేడి కూడా కలిపి మళ్లీ కట్టు” అని రాశారు.

సెప్టెంబర్ 14, సోమవారం

నా హాస్టల్ రూమ్మేట్ రోల్ నంబర్ ఇవాళ మైకు వరసలో వచ్చింది. పలకలేదు. చూస్తే ఆగస్టు నుంచి ఒక్క క్లాసుకీ రాలేదు. సిగ్గనిపించింది, పక్క మంచం మనిషి లేకపోవడం నాకు ఇన్నాళ్లూ తెర మీద తెలియలేదు.

వాళ్లది వినుకొండ వైపు. ఫోను చేస్తే వాళ్లమ్మ ఎత్తింది, పిల్ల మిరప నాట్లకి పోయిందంది. రాత్రి తనే చేసింది. టచ్ ఫోను వాళ్లన్నది, అతను పనికి పట్టుకెళ్తాడు. సంబంధాలు చూస్తున్నారట. “కాలేజీ లేదుగా, ఊరికే ఇంట్లో ఉంది అంటున్నారు మా నాన్న” అంది. మళ్లీ అదే. కనబడని చదువు లేనట్టే లెక్క.

మామూలు కాల్‌కి డేటా అక్కర్లేదు. వాళ్లింట్లో ఉన్న బటన్ల ఫోను చాలు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆ రోజు ఫిజిక్స్ చదివి వినిపిస్తాను, రాసుకో అన్నాను. ఫోను వాళ్ల నాన్నకి ఇవ్వమని అడిగి, “బాబాయ్, రాత్రి ఎనిమిదింటికి మాకు క్లాసు. తొమ్మిది దాకా” అని చెప్పాను. “సరేనమ్మా” అన్నాడు.

అక్టోబర్ 5, సోమవారం

బొమ్మ లేకుండా అయస్కాంత క్షేత్రం చెప్పడం కష్టం. “కుడిచెయ్యి ఎత్తు. బొటనవేలు కరెంటు పోయే వైపు. మిగతా వేళ్లు ముడువు. అవి తిరిగే వైపే క్షేత్రం.” ఇక్కడ నేను చెయ్యెత్తాను, అక్కడ తనూ ఎత్తింది. “మా అమ్మ చూసి ఏందా తిప్పడం అంటోంది” అని నవ్వింది. బయో-సవర్ట్ నుంచి సోలినాయిడ్ దాకా వచ్చాం. చివర్లో క్షేత్రం, మధ్యలో ఉన్నదాంట్లో సగమే ఉంటుంది అని పుస్తకంలో ఉన్నది చదివేసి ముందుకు పోయాను. సమాకలనం పెద్దది, ఫోనులో చెప్పలేనని వదిలేశాను. అది శుక్రవారం.

ఇవాళ ఫోను ఎత్తగానే తనే మొదలెట్టింది. “నాట్లేస్తా ఆలోచించానే. రెండు పొడుగాటి సోలినాయిడ్లు చివరా చివరా కలిపితే ఒక్కటే పెద్దది అవుతుంది కదా? కలిసిన చోటు ఇప్పుడు మధ్య. అక్కడ పూర్తి క్షేత్రం ఉండాలి. అది రెండూ చెరిసగం ఇస్తేనే కుదురుతుంది. అందుకే చివర సగం. సమాకలనం ఎందుకు?”

పలక మీద గీసి చూశాను. నిజమే, రెండు గీతల్లో తేలిపోయింది. పుస్తకంలో ఒక పేజీ పట్టింది అది.

రేపు తొమ్మిదిన్నరకి సార్‌కి తన పేరు చెప్పి ఇది చెప్పాలి. వీలైతే నా ఫోను స్పీకరు పక్కన అమ్మ ఫోను పెట్టి తన చేతే చెప్పించాలి. రేపు వాళ్ల పొలంలో నాట్లు లేవట, ఆ టైముకి ఇంట్లోనే ఉంటుంది.